‘సి’ పెట్టిన అమ్మాయి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా చేసింది తప్పు జవాబులు రాయడం. స్కూలు పిల్లల పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసే కంపెనీలో, చరిత్ర విభాగంలో పనిచేశాను. అమెరికాలో, టెక్సస్‌లో. ఆఫీసు లాస్ కోలినాస్‌లో, మా ఇల్లు పక్కనే ఇర్వింగ్‌లో. ప్రశ్నకు నాలుగు జవాబులిస్తే ఒకటి ఒప్పు, మూడు తప్పులు. ఒప్పుది ఏ పుస్తకంలో చూసినా దొరుకుతుంది. మిగతా మూడూ మనమే పుట్టించాలి. నా జీతం ఆ మూడింటికే అని అనుకునేదాన్ని.

మా స్నేహితుల అమ్మాయి శ్రావ్య ఇదే పనిలో చేరుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. మొన్న వాళ్ళింట్లో తలో వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌కి వెళ్తే పక్కన కూచుని, “ఆంటీ, ఈ జాబ్ ఎలా ఉంటది? బోరింగా?” అని అడిగింది. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని చెప్పే సంగతి కాదని నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. శ్రావ్యకి తెలుగు చదవడం రాదు. వాళ్ళమ్మ చదివి చెబుతుందిలే.

బోరింగ్ కాదమ్మా. మనసుకి సుఖంగా ఉండదు, అంతే.

తప్పు జవాబు ఎలా ఉండాలి

ఇండియాలో నేను భీమవరంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. అక్కడ మా ప్రశ్నలన్నీ ‘కారణములను వివరింపుము’ బాపతు. కుర్రాడు నాలుగు పేజీలు నింపితే అందులో ఏదో ఒకటి నిజమై ఉంటుందని మార్కులు వేసేవాళ్ళం. ఇక్కడికొచ్చాక ఈ కంపెనీలో చేరి మొదటివారం కొన్ని ప్రశ్నలు రాసి మా టీమ్ లీడ్ ముందు పెట్టాను. అతని పేరు రే. వెస్ట్ టెక్సస్‌లో ఒక చిన్న ఊరి స్కూల్లో చరిత్ర చెప్పి, ఫుట్‌బాల్ కోచింగ్ చేసి, మోకాళ్ళు పాడై ఈ పనిలోకి వచ్చినవాడు. పెద్ద చేతులు, నెమ్మదైన మాట.

రే నా ప్రశ్నని అరచేత్తో కప్పేశాడు. కింద జవాబులు మాత్రమే కనిపిస్తున్నాయి. “బి,” అన్నాడు. పేజీ తిప్పి మళ్ళీ కప్పాడు. “డి.” ప్రశ్న చదవకుండానే వరసగా అన్నీ సరిగ్గా చెప్పేశాడు.

“ఎలా తెలిసింది మీకు?” అన్నాను.

“ఒప్పు జవాబు మీద నీకు ప్రేమ ఎక్కువ. దాన్ని పొడుగ్గా, జాగ్రత్తగా రాస్తావు. తప్పుల్ని విసిరేస్తావు. పిల్లలకి చరిత్ర రాకపోయినా ఇది మాత్రం వెంటనే తెలిసిపోతుంది.”

ఆ రోజునుంచి తప్పుల మీద కూడా ప్రేమ పెంచుకున్నాను. మంచి తప్పు జవాబు చదవనివాడికి నిజంలా కనిపించాలి, చదివినవాడికి తప్పని తేలిపోవాలి. చెప్పడం తేలిక.

ఇంకోసారి యూరప్‌వాళ్ళు సముద్రాల మీద ఎందుకు బయలుదేరారన్న పాఠం మీద ప్రశ్న రాశాను. ఒప్పు జవాబు మసాలా దినుసుల వ్యాపారం. తప్పులుగా మతవ్యాప్తి, బంగారం, కీర్తి పెట్టాను. రే చాలాసేపు దానివైపు చూశాడు.

“వసూ, ఇందులో తప్పు ఏది?”

“మిగతా మూడూ... అంత ముఖ్యమైనవి కావు.”

“ఎవరికి? డబ్బు పెట్టిన షావుకారుకా, పంపిన రాజుకా, తెరచాప కట్టిన కూలీకా? పొలమంతా వాళ్ళ అన్నకే దక్కి వీడికేమీ మిగలక ఓడెక్కినవాడు ఒకడుంటాడు. పాదిరీ ఒకడుంటాడు. గొలుసులతో ఎక్కించినవాళ్ళుంటారు. ఒకే ఓడలో ఉన్నంత మాత్రాన అందరూ ఒకే పనిమీద వెళ్ళరు.”

కాలేజీలో ఎన్నేళ్ళు చెప్పానో ఆ పాఠం! ఒకటి, రెండు, మూడు అని బోర్డు మీద నెంబర్లు వేసి కారణాలు రాయడమే తప్ప, ఆ కారణాలు ఎవరివి అని నేనెప్పుడూ అడగలేదు.

కానీ స్టేట్‌వాళ్ళ సిలబస్‌లో ఆ పాఠం మీద ఒక ప్రశ్న ఉండి తీరాలి. చివరికి రే తనే రాశాడు. పోర్చుగీసువాళ్ళు ఆఫ్రికా చుట్టూ సముద్రదారి వెతకడానికి ముఖ్య కారణం ఏది? ఏ, ఆసియా మసాలాలను నేరుగా కొనుక్కోవడం. బి, జనం ఎక్కువై ఆసియాలో వ్యవసాయ భూములు వెతుక్కోవడం. సి, ముస్లిం రాజ్యాల అవతల ఉన్నాడని చెప్పుకునే ఒక క్రైస్తవ రాజుతో చేయి కలపడం. డి, ఎన్నికల పద్ధతిని ప్రపంచానికి నేర్పడం. అందులో సి చూసి ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. అలాంటి కట్టుకథ ఒకటి ఉండేదని రేకీ తెలుసు, నాకూ తెలుసు. ‘ముఖ్య కారణం’ అని అడిగాం కాబట్టి ఫరవాలేదనుకున్నాం.

ఒక్క మాట తీసేశారు

కొన్నేళ్ళకి మాకు కెంట్ అని కొత్త డైరెక్టర్ వచ్చాడు. ఎప్పుడూ పిల్లలకి పాఠం చెప్పినవాడు కాదు. చెడ్డవాడని అనను. మా పెళ్ళిరోజు గుర్తుపెట్టుకుని విష్ చేసేవాడు. నా గ్రీన్ కార్డ్ పేపర్లు కంపెనీ దగ్గర ఆలస్యమైతే తనే అడిగి కదిలించాడు. కానీ అతనికి ప్రశ్నలో ఏముందో అక్కర్లేదు, ఎంత తొందరగా చదవొచ్చో కావాలి. ఇంగ్లీషు సరిగా రాని పిల్లలకి కష్టమవుతోందని పాత ప్రశ్నలన్నిటి భాషనీ సులువు చేయించాడు. ఉద్దేశం మంచిదే. ఆ పనిని బయట ఎవరిచేతో చేయించాడు. అది మా దగ్గరికి తిరిగి రాలేదు.

ఆ సులువులో రే రాసిన ప్రశ్న నుంచి ‘ముఖ్య’ అన్న మాట ఎగిరిపోయింది. ‘ఒక కారణం ఏది’ అయింది.

శ్రావ్యా, ఇది బాగా చూడు. ‘ముఖ్య కారణం’ అంటే వాదించుకోవచ్చు. ‘ఒక కారణం’ అంటే, అది నిజంగా కారణమైతే చాలు.

ఆ ఏడాది పరీక్ష అయ్యాక గార్లండ్‌లో ఒక స్కూలు నుంచి టీచర్ ఫిర్యాదు చేసింది. అది నా టేబుల్ మీదకి వచ్చింది. నేనే ఫోన్ చేశాను. ఆమె స్టూడెంట్ మెరొన్ అనే అమ్మాయి. ఇథియోపియా నుంచి వచ్చిన కుటుంబం. ఒకే ఒక్క ప్రశ్న తేడాతో ఫెయిలైంది. పాసైతే గానీ హైస్కూలు ముగించినట్టు డిప్లొమా ఇవ్వరు. డిప్లొమా చేతికొస్తే ఎండాకాలంలో మొదలయ్యే నర్సింగ్ కోర్సులో ఆ పిల్లకి సీటు ఉంది.

“పోర్చుగీసు ప్రశ్నకి సి పెట్టిందట,” అంది టీచర్. “నేను కూడా తప్పేనమ్మా అన్నాను. ‘కాదు మిస్, ఆ రాజుని వెతుక్కుంటూ వాళ్ళు మా దేశానికే వచ్చారు. మా చర్చిలో చెబుతారు’ అంది. ఇప్పుడు ఏం చెప్పాలో నాకు తోచట్లేదు.”

ఆ శనాదివారాలు లైబ్రరీలో కూచున్నాను. నాకు తెలిసినదే, ఎప్పుడూ కలిపి చూడలేదు. పోర్చుగల్ రాజు సముద్రం మీద ఓడల్ని పంపుతూనే, ఆ క్రైస్తవ రాజుని వెతకమని నేల దారిన కూడా మనుషుల్ని పంపాడు. వాళ్ళలో ఒకడు ఇథియోపియా చేరాడు. అక్కడి రాజు అతనికి భూములిచ్చాడు, మర్యాద చేశాడు, తిరిగి వెళ్ళనివ్వలేదు. పాపం అక్కడే ముసలివాడయ్యాడు. ఓడల మీద వచ్చినవాళ్ళు కాలికట్‌లో దిగి, మన గుడిని చూసి చర్చి అనుకుని మోకరిల్లారు. అంతగా ఆశపడి వచ్చారు క్రైస్తవుల కోసం. మసాలాల కోసం వచ్చారు, నిజమే. దీనికోసం కూడా వచ్చారు. లేని రాజే కావచ్చు, వెతుకులాట మాత్రం ఉన్నదే.

సోమవారం పొద్దున్నే రేకి చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

“నవ్వులాటకి పెట్టాను దాన్ని,” అన్నాడు.

మీటింగ్

కెంట్ గదిలో నలుగురం కూచున్నాం. కెంట్, రే, నేను, మార్కుల లెక్కలు చూసే డయాన్. నేను చదివినదంతా చెప్పాను. పుస్తకాల్లో గుర్తులు పెట్టి తీసుకెళ్ళాను. కెంట్ శ్రద్ధగా విన్నాడు. “థాంక్యూ వసూ, దిస్ ఈజ్ వెరీ హెల్ప్‌ఫుల్,” అన్నాడు. ఈ దేశం ఆఫీసుల్లో ఆ మాట వినగానే నీ వంతు అయిపోయిందని తెలుసుకో.

డయాన్ కాగితం తిప్పింది. “ఈ ప్రశ్న బాగానే పనిచేసింది. మిగతా పరీక్ష బాగా రాసిన పిల్లలు ‘ఏ’ పెట్టారు. సరిగా రాయనివాళ్ళే వేరేవి పెట్టారు.”

“బాగా రాసినవాళ్ళు మనకేం కావాలో కనిపెట్టారు,” అన్నాడు రే. “ఈ పిల్ల ప్రశ్న చదివింది.”

“రే, ఆ జవాబు రాసింది నువ్వే,” అన్నాడు కెంట్.

“అందుకే చెబుతున్నా. తప్పు నాది. ఆ అమ్మాయిది ఒప్పు. రెండు జవాబులకీ మార్కు ఇవ్వాలి.”

“ఒక్క అమ్మాయికి ఇవ్వలేం. స్టేటంతా మళ్ళీ స్కోర్ చేయాలి. పాసైపోయారని చెప్పినవాళ్ళకీ, ఫెయిలయ్యారని చెప్పినవాళ్ళకీ మళ్ళీ చెప్పాలి. స్టేట్‌తో మన కాంట్రాక్ట్ రెన్యువల్ ఈ ఏడే ఉంది.” కెంట్ గొంతు పెంచలేదు. “ఆ ప్రశ్నని ఇక వాడం. అది చేయగలను.”

“‘ముఖ్య’ అన్న మాట ఎవరు తీశారని అడిగితే?” అన్నాను నేను.

కెంట్ నావైపు చూశాడు. కోపంగా కాదు. గుర్తుపెట్టుకునేలా చూశాడు. “ఎవరూ అడగరు,” అన్నాడు.

అలాగే అయింది. ఎవరూ అడగలేదు. ఫిర్యాదు పరిశీలించామనీ, మార్కుల్లో మార్పు లేదనీ స్కూలుకి జవాబు వెళ్ళింది. ఆ ప్రశ్నని మాత్రం చప్పుడు లేకుండా తీసేశారు. తప్పు లేకపోతే ఎందుకు తీశారు? ఈ వృత్తిలో సంస్థలు తప్పు ఒప్పుకోవు, దిద్దుకుంటాయి. ఆ రెండింటి మధ్యలో మనిషి పడిపోతాడు.

రే ఆ టీచర్‌కి ఫోన్ చేశాడు. చేయకూడదు. చేరినప్పుడే సంతకం పెడతాం, ప్రశ్నల గురించి బయట ఎవరితోనూ మాట్లాడమని. “మీ అమ్మాయి జవాబు సరైనదే, ఆ ప్రశ్న రాసినవాణ్ణి నేనే,” అని చెప్పాడు. పాపం ఆ టీచర్ సంబరపడి, కంపెనీ మనిషే ఒప్పుకున్నాడని పైవాళ్ళకి రాసింది. ఆమె చెడు తలపెట్టలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున నేను వెళ్ళేసరికి రే లాబీలో నిలబడి ఉన్నాడు. అతని కార్డు తలుపు దగ్గర పనిచేయడంలేదు. రిసెప్షన్ అమ్మాయి, “మిస్టర్ రే, కాసేపు కూచోండి, పైనుంచి వస్తున్నారు,” అంటోంది. అతను కూచోలేదు. నన్ను చూసి, “నువ్వు లోపలికి వెళ్ళు వసూ,” అన్నాడు. వెళ్ళాను. గ్రీన్ కార్డ్ ఇంకా చేతికి రాలేదు. వేరే ఏం చేయగలనో ఇప్పటికీ తెలియదు.

గార్లండ్

రెండు వారాల తర్వాత రే ఫోన్ చేశాడు. ఆ అమ్మాయిని కలవాలని ఉంది, టీచర్ ఆ ఇంటివాళ్ళని అడిగి అడ్రస్ ఇచ్చింది అన్నాడు. “నువ్వు రాకు, నీ ఉద్యోగానికి మంచిది కాదు,” అని కూడా అన్నాడు. మరి నాకెందుకు చెప్పినట్టు? ఆదివారం మధ్యాహ్నం నేనే డ్రైవ్ చేశాను.

రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. మెరొన్ తలుపు తీసింది. సన్నగా, పొడుగ్గా ఉంది. తండ్రి తెస్‌ఫాయె ఎయిర్‌పోర్ట్‌లో షటిల్ బస్ నడుపుతాడు. ఆ రోజు సెలవు. తల్లి మాకోసం అప్పటికప్పుడు కాఫీ గింజలు వేయించింది. ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంది. చిన్న కప్పుల్లో కాఫీ, పక్కన గిన్నెలో పాప్‌కార్న్. ఎవరింటికైనా తప్పు చెప్పుకోవడానికి వెళ్తే మర్యాదలు గొంతు దిగవు.

రే అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆ జవాబు తనెందుకు పెట్టాడో, ‘ముఖ్య’ అన్న మాట ఎలా పోయిందో, మీటింగ్‌లో ఏమయిందో. మెరొన్ తల వంచుకుని విన్నది. తండ్రి రే మొహం మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

“మా అమ్మాయిది ఒప్పు అని మీరంటున్నారు,” అన్నాడు చివరికి.

“అవును.”

“మార్కు మారుస్తారా?”

“నా చేతిలో లేదు. నాకిప్పుడు ఉద్యోగం కూడా లేదు.”

“ఈ మాట కాగితం మీద రాసిస్తే స్కూలు తీసుకుంటుందా?”

“తీసుకోదు. నేను అడిగాను.”

తెస్‌ఫాయె కప్పు కింద పెట్టాడు. “అయితే మీరెందుకు వచ్చారు?”

“తను తప్పు చేయలేదని తనకి చెబుదామని.”

“అది మాకు ముందే తెలుసు,” అన్నాడు.

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తనే మళ్ళీ అందుకున్నాడు. “ఆ పోర్చుగీసువాళ్ళు మా దగ్గరికి స్నేహితుల్లాగే వచ్చారు. యుద్ధంలో మా పక్షాన నిలబడి చచ్చిపోయారు కూడా. ఆ తర్వాత వాళ్ళ పాదిరీలు వచ్చి మా ఉపవాసాలు తప్పన్నారు, మా బాప్టిజం తప్పన్నారు. దేశంలో రక్తం పారింది. మా తాత చెప్పేవాడు, వచ్చినవాడు ఎందుకొచ్చాడో వాడు చెప్పిందాన్ని బట్టి తెలియదు, వెళ్ళాక మన దగ్గర ఏం మిగిలిందో చూస్తే తెలుస్తుందని.”

మెరొన్ తల్లి రెండోసారి కాఫీ పోసింది. మూడోసారి పోసేదాకా ఉండటం వాళ్ళ మర్యాదట. మేం ఉండలేకపోయాం. తలుపు దగ్గర మెరొన్‌కి నా నంబర్ ఇచ్చాను, ఏదైనా కావాలంటే ఫోన్ చేయమని. ఏం చేయగలనని ఇచ్చానో నాకే తెలియదు.

తిరిగొస్తూ రే, “ఆయన అడిగింది సరైన ప్రశ్న,” అన్నాడు. అంతే.

రే ఆ ఇంటికి ఎందుకు వెళ్ళాడని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ పిల్ల మీద జాలి ఉంది. తన మనసు తేలికపడాలనీ ఉంది. కెంట్ మీద కోపమూ ఉంది. ఉద్యోగం పోయి ఇంట్లో కూచోలేకపోవడమూ ఉంది. ముఖ్యమైనది ఏదంటే నేను గీత గీయలేను. నా కళ్ళముందు, నా కారులో, పక్క సీట్లో కూచున్న మనిషి సంగతే చెప్పలేకపోయాను. అయిదువందల ఏళ్ళ కింద లిస్బన్‌లో ఓడెక్కినవాళ్ళ మనసులో ఏముందో ఒక్క అక్షరంలో గుర్తు పెట్టమని పదహారేళ్ళ పిల్లల్ని అడుగుతూ రిటైరయ్యాను.

రే వెస్ట్ టెక్సస్‌లో వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. మొదట్లో మాట్లాడుకునేవాళ్ళం. తర్వాత అతనికి మరుపు వచ్చింది. చివరిసారి ఫోన్ చేసినప్పుడు నన్ను తన పాత స్టూడెంట్ అనుకుని, బాగా చదువుకోమని చెప్పాడు. కిందటేడు పోయాడు. కెంట్ వేరే కంపెనీకి ఇంకా పెద్ద పదవిలో వెళ్ళాడు. ఇప్పుడు ప్రశ్నలు మెషిన్ రాస్తోంది. తప్పు జవాబులు కూడా అదే పుట్టిస్తుంది. శ్రావ్యలాంటివాళ్ళు వాటిని చూసి సరే అనాలి. అమ్మా, సరే అనేముందు ప్రతి తప్పు జవాబునీ ఒకసారి నమ్మి చూడు. అది ఎవరికైనా నిజమేమో, ఏ ఊళ్ళోనైనా, ఏ చర్చిలోనైనా. అలా చేస్తే పని ఆలస్యమవుతుంది. మీ కెంట్‌కి నచ్చదు. రే ఉండి ఉంటే ఇదే చెప్పేవాడు, నేనూ ఇంతకన్నా చెప్పలేను.

మెరొన్ ఫోన్

నేను ఇచ్చిన నంబర్‌కి మెరొన్ ఒకేసారి ఫోన్ చేసింది. జూలైలో. నేను ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ ముందు కార్లో ఉన్నాను. అప్పటికి ఆ నర్సింగ్ కోర్సు తను లేకుండానే మొదలైపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో తండ్రి ఎవరితోనో చెప్పి శాండ్‌విచ్ కౌంటర్‌లో పని ఇప్పించాడట.

“మ్యామ్, వచ్చేవారం మళ్ళీ పరీక్ష రాస్తున్నా,” అంది. “అలాంటి ప్రశ్న మళ్ళీ వస్తే ఏం పెట్టాలి?”

ఆ ప్రశ్న రాదని నాకు తెలుసు. చెప్పకూడదు. దానిలాంటిది ఇంకోటి వస్తుందని కూడా తెలుసు.

“మసాలాలు అని ఉంటే అది పెట్టు,” అన్నాను.

“అదొక్కటే నిజం కాదు కదా?”

“కాదు.”

“మిస్టర్ రే కూడా అదే పెట్టమంటారా?”

నేను స్టోర్ అద్దాల్లోంచి లోపలికి చూస్తూ కూచున్నాను. “పెట్టమ్మా,” అన్నాను. “ఆయన సంగతి వదిలేయ్. నువ్వు పాసవ్వాలి.”

వెనకాల ఎయిర్‌పోర్ట్‌లో ఏదో ఫ్లైట్ పిలుస్తున్నారు.

“ఓకే, మ్యామ్,” అంది.

పాసైందని ఆ టీచర్ చెప్పింది. మంచి మార్కులే వచ్చాయట.